రాజుగారి అరిగిన ముక్కు

"ఈ ముఖం గుర్తుపెట్టుకో." చీఫ్ ఫోటో జరిపాడు. పాత బంగారు నాణెం మీద రాజు. ఉబ్బిన బుగ్గల మధ్య, భయంకొద్దీ శిల్పి చెక్కిన చక్కటి ముక్కు.

"జనం చేతులంటే వీడికి రోత. నాణేన్ని అంచు పట్టుకునే తియ్యాలి. ముఖం మీద పడిన బొటనవేలు నరికించేవాడు."

ఏజెంటు ఫోటోని అంచు పట్టుకుని తీసుకున్నాడు.

"ఇవాళ వేలానికి ఇలాంటివి మూడొస్తాయి. ఒకటి నకిలీ, లోపల మైక్రోచిప్. మన సబ్‌మెరైన్ దారంతా అందులోనే. శత్రువు కొన్నాడా, సబ్‌మెరైన్ మునిగినట్టే. నువ్వు నాణేల విలువ కట్టే వాల్యూయర్ వేషంలో వెళ్తావు. ఒక్కదాన్నే నకిలీ అని కాదనాలి. రెండోదాన్నీ కాదంటే దొరికిపోతావు."

"మా తమ్ముడు ఆ సబ్‌మెరైన్‌లోనే ఉన్నాడు సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా." చీఫ్ పుల్లతో పళ్లు కుట్టుకున్నాడు.

అతనికి వెగటు పుట్టింది. చీఫ్ మీద కాదు, వెంటనే ఊగిన తన తల మీద.

వేలం హాల్లో అత్తరూ చెమటా కలిసిన వాసన. వేలిముద్రలు పడకుండా తొడిగిన రబ్బరు చర్మం లోపల వేళ్లు నానిపోయి, శవానివేమో అనిపిస్తున్నాయి.

"వానొచ్చేలా ఉంది," అంది నల్లగౌను సుందరి. డబుల్ ఏజెంట్ 'నెమలి'.

"గొడుగు మర్చిపోయాను."

కోడ్ కలిసింది. ఆమె చెవిలో గుసగుసలాడింది. "మధ్యది అసలుదే అబ్బాయ్. ముక్కెలా అరిగిందో చూడు! ఎడమదాన్ని నకిలీ అను."

డిజిటల్ త్రాసులో మూడూ ఒకే బరువు. మధ్యదానికి లావుపాటి విదేశీయుడు పాట పెంచేశాడు.

"ఒకటోసారి... రెండోసారి..."

ఏజెంటు భూతద్దం వంచాడు. పక్కనున్న రెండు నాణేలకీ అంచులు అరిగాయి, ముక్కులు నిన్న చెక్కినట్టున్నాయి. మధ్యదానికి అంచు పదును, ముక్కు చదును.

ఆ రాజ్యంలో ఆ ముక్కుని అరగదీసేటన్ని వేళ్లు ఎవరికి మిగిలాయి?

సుత్తి గాల్లో ఉంది.

"ఆగండి! మధ్యది నకిలీ. పరీక్షకి తీసుకెళ్తున్నా."

నెమలి నవ్వు పెదాల మీదే ఎండిపోయింది.

బాత్రూమ్‌లో నాణెం తిప్పితే రెండు బిళ్లలుగా విడిపోయింది. పేనంత చిప్‌ని గోటితో నొక్కి, నీళ్లు వదిలాడు. ఫోన్ తీశాడు.

"మీ తమ్ముడు బతికిపోయాడు," అన్నాడు చీఫ్. "నెమలి సంగతేంటి?"

"అబద్ధం చెప్పింది సార్. ఇప్పుడేమో తలుపవతల నిలబడి, మనవైపేనని ఏడుస్తోంది."

"నమ్మినట్టుండు. ఎల్లుండి దాంతో పనుంది."

అతను రబ్బరు చర్మం ఒలిచేసి, నానిన బొటనవేలు రాజుగారి ముఖాన పెట్టి నొక్కాడు. తెగలేదు. తర్వాత సబ్బుతో ఎంత తోమినా చేతుల జిడ్డు వదల్లేదు.

చేతుల విషయంలో రాజుగారిది మరీ అంత తప్పేం కాదు.