బావిలో కొర్రమీను

మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి బావి చుట్టూ మనుషులు మూగి ఉన్నారు. సౌభాగ్య పుస్తకాల సంచి గడప మీద పడేసి అటు పరుగెత్తింది.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఆ ఇల్లు లక్ష్మీనర్సమ్మది. అందులో రెండు గదులు సౌభాగ్య నాయిన బీరయ్యకు కిరాయికి ఇచ్చింది. బీరయ్య ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తాడు. రెండిళ్లకూ ఉన్నది ఆ ఒక్క బావి. తాగాలన్నా, వండాలన్నా ఆ నీళ్లే.

మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టర్ వామన్‌రావు చేతిలో అద్దం పట్టుకుని ఎండను బావిలోకి మళ్లించాడు. చీకటి నీళ్ల మీద వెలుగు పడింది. ఆ వెలుగులో వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

ఇవే రేపు దోమలవుతాయని, ఈ గల్లీలో చలిజ్వరం ఇక్కడే పుడుతోందని ఆయన చెప్పాడు. ఆదివారం మళ్లీ వస్తానని, అప్పటికీ ఇట్లాగే ఉంటే పురుగులకు ఊపిరాడకుండా బావిలో నూనె పోయిస్తానని అన్నాడు. నూనె పోశాక ఆ నీళ్లు నోట్లో పెట్టుకోవడానికి ఉండదు. ఇక గల్లీ చివర నల్లా దగ్గర బిందెల వరుసలో నిలబడవలసిందే.

లక్ష్మీనర్సమ్మ నమ్మలేదు. "మా అత్తగారి కాలం నుంచి ఈ బావిల చేపలున్నయి. ఒక్క పురుగును బతకనియ్యవు. జర మంచిగ చూడున్రి."

"చేపలుంటే నాకేం పని ఉందమ్మా? మీరే చూడండి" అని ఆయన అద్దం ఆమె చేతికిచ్చాడు.

ఆమె వంగి చాలాసేపు వెతికింది. చిటికెన వేలంత చేపలవి. తల మీద వెండి చుక్కతో నీళ్ల పైపైనే తిరిగేవి. ఒక్కటి కూడా కనబడలేదు. ఆమె అద్దం తిరిగిచ్చి లోపలికి వెళ్లిపోయింది. లోపల ఆమె మనవడు సదాశివ ఇంట్లోని దుప్పట్లన్నీ కప్పుకుని వణుకుతున్నాడు.

సౌభాగ్య బావి గట్టు నుంచి వెనక్కి జరిగింది. ఆ చేపలు ఎటు పోయాయో ఆ పిల్లకు తెలుసు.

ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోయినప్పుడు చేసిన పని అది. వాళ్ల ఊరి మోటబావిలో కొర్రమీనులుంటాయి. అవి ఉంటే బావికి మంచిదని ఊళ్లో అందరూ అనుకుంటారు. పట్నంలో ఊరు గుర్తొచ్చి మూతి ముడుచుకు కూర్చునే పిల్ల, ఈ బావిలోనూ ఒకటుంటే బాగుంటుందనుకుంది. కొర్రమీను పిల్లను చెంబులో వేసుకుని, పైన గుడ్డ కట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఎవరూ చూడకుండా బావిలో వదిలింది.

ఆ బావెక్కడ, ఈ బావెక్కడ. అక్కడ కప్పలు, పీతలు, రకరకాల చేపలు. ఎన్ని తిన్నా మళ్లీ పుట్టుకొచ్చేవి. ఇక్కడ ఉన్నవే ఆ కాసిన్ని. వానలు పడేనాటికి కొర్రమీను జానెడైంది. చిన్న చేపలు తగ్గిపోతుంటే లోతుకు దిగాయేమోనని సౌభాగ్య సరిపెట్టుకుంది.

ఆ పూట పిల్ల అన్నం తినకుండా బావి చుట్టూ తిరిగింది. చెబితే ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని భయం. చెప్పకపోతే బావి పోతుంది. పొద్దు వాలుతుండగా పోయి లక్ష్మీనర్సమ్మ ముందు నిలబడింది. ఆమె మనవడి నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది. సౌభాగ్య తలొంచుకుని జరిగిందంతా చెప్పింది.

ఆమె తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండునని పిల్లకు అనిపించింది.

"ఎవరినన్న అడిగినవా బిడ్డా?"

"లేదవ్వా. బావికి మంచిదనుకున్న."

"నువ్వు మంచికే ఏసినవు. అది ఆకలికి తిన్నది. జరమొచ్చి పండుకున్నది మావోడు" అని ఆమె గుడ్డ పిండి మళ్లీ నుదుటి మీద వేసింది.

మర్నాడు బీరయ్య గాలానికి వానపామును గుచ్చి బావిలో వేశాడు. కొర్రమీను నల్లగా, నిగనిగలాడుతూ పైకొచ్చింది. బావి మొత్తం మింగి బలిసినవు గదే అని దాన్ని ఎకసెక్కెం చేశాడు. ఊరికి పంపుదామని సౌభాగ్య బతిమాలింది. తీసుకుపోయే మనిషి దొరకలేదు. కూర వండారు. సౌభాగ్య కంచం ముందు నుంచి లేచిపోయింది. కొర్రమీను తప్పేముంది?

లక్ష్మీనర్సమ్మ తమ్ముడు బాలకిషన్ ఇల్లు గన్‌ఫౌండ్రీలో ఉంది. వాళ్ల బావిలో అవే చేపలున్నాయి. శనివారం బీరయ్య కూతురిని వెంటబెట్టుకుని పోయాడు. ఎన్నయినా పట్టుకోండని బాలకిషన్ అన్నాడు. గంపలో తువ్వాల పరిచి, నాలుగు మెతుకులు వేసి బావిలోకి దించారు. మెల్లగా లాగితే తువ్వాల నిండా వెండి చుక్కలే. అట్లా లాగగా లాగగా బకెట్ నిండవచ్చింది.

సౌభాగ్య బావిలోకి తొంగిచూసింది. నీళ్లు బోసిగా ఉన్నాయి. ఏదో మూల రెండు చేపలు కదిలాయి. పిల్ల బకెట్‌లోవి సగం గంపలో పోసి తాడు వదలసాగింది.

"ఏంది బిడ్డా, మళ్ల ఇడిచిపెడుతున్నవ్? రేపే గద ఆయన వచ్చేది" అన్నాడు బీరయ్య.

"అన్నీ తీస్కపోతే గీడ పురుగులను ఎవరు తింటరు నాయినా?"

బీరయ్య కూతురి ముఖం చూశాడు. తనూ తాడు పట్టుకున్నాడు.

ఆదివారం ఇన్‌స్పెక్టర్ అద్దం తిప్పి, వాళ్లు తెచ్చి వదిలిన చేపలను చూశాడు. చేపలున్నాయి కాబట్టి నూనె పోయనన్నాడు. కానీ ఈ కొన్ని ఏమూలకూ చాలవని, ఇవి పిల్లల్ని పెట్టి పెరిగేదాకా దోమలు తప్పవని కూడా అన్నాడు. సదాశివకు తగ్గిన జ్వరం ఆ సాయంత్రం మళ్లీ తిరగబెట్టింది. దవాఖాన నుంచి తెచ్చిన చేదు మందుకు వాడు ఏడ్చే ఏడుపు గోడ ఇవతలికి వినిపించింది.

సోమవారం తెల్లవారగానే సౌభాగ్య గంగాళం మూతికి పల్చటి గుడ్డ కట్టింది. బావిలోంచి నీళ్లు చేది గుడ్డ మీద పోసింది. నీళ్లు దిగిపోయి పురుగులు పైన మిగిలాయి. గుడ్డ విప్పి వాటిని ఎండ పడే బండ మీద దులిపింది. మళ్లీ కట్టింది. మళ్లీ చేదింది. బొక్కెనలో ఒక చేప వస్తే దోసిట్లో పట్టి మళ్లీ బావిలోకి వదిలింది.

బడికి వేళయిందని తల్లి లోపలి నుంచి పిలిచింది. ఇంకొక్క బొక్కెన అని చెప్పి సౌభాగ్య తాడు వదిలింది.