ముఖం కడుక్కొని రండి

గోదావరిఖని చౌరస్తా దగ్గర హన్నా పనిచేసే ఆఫీసులో ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు చిటికెలో వేస్తారు. కాకపోతే, ఎదురుగా కూర్చున్న మనిషి ఆ మనిషేనని ముందు హన్నా నమ్మాలి. అక్కడే వస్తుంది చిక్కంతా.

శాంతిరాజ్ మొదటిసారి బొగ్గుబాయిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. నుదుటి నుంచి గడ్డం దాకా మసి. హన్నా అతని పాన్‌కార్డు చూసింది, అతన్ని చూసింది.

"ఇందులున్నది మీరేనా?"

"నేనే మేడం."

"నాకైతే కండ్లు, పండ్లు తప్ప ఏం కనవడ్తలేవు. ముఖం కడుక్కొని రాండ్రి."

కడుక్కొని వచ్చాడు. చూడచక్కని ముఖమే. హన్నా కొంచెం ఎక్కువసేపే చూసింది, ఉద్యోగధర్మం కదా.

"ఆధార్ ఏది?"

"రేపు తెస్త మేడం."

రేపు ఆధార్, ఎల్లుండి కంపెనీ ఇచ్చే జీతం కాగితం ఫారం సిక్స్‌టీన్, ఆపైన బ్యాంకు పాసుబుక్కు. అన్నీ ఒకే కవర్లో పెట్టుకొచ్చి రోజుకొక్కటే తీస్తున్నాడని హన్నా మూడో రోజే కనిపెట్టింది. కనిపెట్టి కూడా నోరెత్తలేదు.

చివరి తేదీ రానే వచ్చింది. "రేపు ఫస్ట్ షిఫ్టు. బాయిలకు ఫోన్ కొంటవోనియ్యరు, ఇంట్లనే ఉంటది. ఓటీపీ వస్తే మా అవ్వనడుగుండ్రి" అని ముందురోజే చెప్పి వెళ్లాడు. ఈ రిటర్ను వెళ్లిపోతే అతను మళ్లీ రావడానికి కాగితమేదీ మిగలదు. హన్నాకు పొద్దున్నుంచీ మనసేం బాగాలేదు. సాగదీసి సాగదీసి రెండున్నరకు ఫోన్ చేసింది.

"అవ్వా, మీ కొడుకు ఫోనుకు ఆరంకెల నెంబరు వచ్చింది, జర చెప్తరా?"

"ఎవలకు చెప్పద్దన్నడు నా కొడుకు. నువ్వెవలవు?"

"హన్నాను. టాక్స్ ఆఫీసుల చేస్త."

"దొంగలు గిట్లనే అంటరు. ఆడనే ఉండు, వస్తున్న."

అరగంటలో అతని తల్లి సారవ్వ ఆటో దిగింది. ఫోను కొంగున ముడేసి ఉంది.

"నీ ఆధార్ తియ్యి."

ఊరందరినీ ఆధార్ అడిగే హన్నా కిక్కురుమనకుండా తనది తీసిచ్చింది. సారవ్వ ఫొటో చూసింది, పిల్లను చూసింది.

"ఎవల బిడ్డవు?"

"దావీదు బిడ్డను. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ."

"ఏ చర్చికి పోతరు? వంటొస్తదా?"

"అవ్వా, ఓటీపీకి వంటెందుకు?"

"ఒక్క కాగితానికి నా కొడుకును వారం తిప్పినవు. నేను రెండు ముచ్చట్లడిగితే తప్పా?"

అంతలో శాంతిరాజ్ షిఫ్టు దిగి పరుగున వచ్చాడు. మళ్లీ అదే మసి.

"ఓటీపీ సంగతి అవ్వకు ముందే ఎందుకు చెప్పలే?" హన్నా కస్సుమంది.

"చెప్తే ఫోన్లనే చెప్పేసేది. ఇక్కడిదాకా వచ్చి మిమ్ముల చూసేదా?" అతను తల గోక్కున్నాడు. "మీరంటే నాకిష్టం మేడం. ఎట్ల చెప్పాలెనో తెల్వలే."

పాత ఓటీపీ గడువు అయిపోయింది. కొత్తది వచ్చింది. సారవ్వ కొంగుముడి విప్పి ఫోను హన్నా చేతిలో పెట్టింది. రిటర్ను వెళ్లిపోయింది.

"ఏం పిల్లా, గీ మసిల వీడు నా కొడుకో కాదో నాకే తెలుస్తలేదు. నీకు తెలుస్తదా?"

హన్నా తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ముఖం కడుక్కోకున్నా గుర్తుపడ్త, అత్తమ్మా."