మలుపులమ్మ దగ్గర ముడుచుకున్న అద్దాలు

కొండ ఎక్కే ఘాటు రోడ్డు మొదలయ్యే చోటికి రాగానే బండి పక్కకు ఆగి, డ్యాష్‌బోర్డులోంచి స్టీరింగును మెల్లగా బయటికి తోసింది. "ఇక్కడి నుంచి భారం మీదే, నాయుడుగారూ" అంది, పెళ్లి చేయించే పురోహితుడిలా నిదానంగా.

"నాదేలే, ఎవడు కాదన్నాడు" అని గొణుక్కుంటూ గౌరునాయుడు స్టీరింగు అందుకున్నాడు.

పల్లంలో స్టీరింగు అవసరం పోయి ఒక తరం గడిచింది. విశాఖ నుంచి కొండల అడుగు దాకా ఎస్‌యూవీలు, బస్సులు తమంతట తామే నడుస్తాయి. లోపలి జనం ఇడ్లీలు తింటారు, నిద్రపోతారు, తీరిగ్గా పోట్లాడుకుంటారు. కానీ అరకు కొండల్లో మంచు దిగితే బండి కెమెరాలు గుడ్డివైపోతాయి. అందుకే ఘాటులో మనిషే నడపాలని చట్టం. అలా నడిపేవాడికి ఘాటు పట్టా ఉండాలి. అది చేతిలో ఉన్న కొద్దిమందికీ ఊళ్లో ఉండే దర్జా ఇంతా అంతా కాదు. గౌరునాయుడు తండ్రి కూడా ఇదే దారిలో బస్సు నడిపాడు. కిందటి నెల ప్రమాదం మీద సోమవారం జరిగే విచారణలో, ఆ పట్టా గౌరునాయుడికి ఉంటుందో ఊడుతుందో తేల్చేది ఇప్పుడు పక్క సీట్లో కూర్చున్న హైమవతి సాక్ష్యమే.

ఆమె కుదురుగా కూర్చోలేకపోతోంది. బెల్టు లాగుతుంది, వదులుతుంది, మళ్లీ లాగుతుంది. అనుమానం వచ్చింది ఆమె స్వయంగా తయారుచేసిన, కన్నబిడ్డలాంటి 'చూపుతోడు' అద్దాల మీద మరి.

వెనకటి కార్లలో పక్క అద్దం సర్దుకోవాలంటే మీట ఎడమకో కుడికో తిప్పి, బొటనవేలితో పైకీ కిందికీ నొక్కుకోవాలి. లోపలి లైటుకు వేరే స్విచ్చి. మొగుడు నడిపిన బండి పెళ్లాం ఎక్కితే అద్దంలో ఆకాశం కనిపించేది, ఆ రోజుకి ఇంట్లో గొడవ ఖాయం. చూపుతోడుకి మీటలే లేవు. స్టీరింగు మధ్యనున్న గింజంత సెన్సర్ డ్రైవరు కనుపాపలను చదువుతుంది. అతను ఎటు చూడబోతున్నాడో పసిగట్టి, అద్దాన్ని ముందే అటు తిప్పి పెడుతుంది. చూడటం ముగిసి బండి దిగబోతున్నాడని తోస్తే అద్దాలు ముడిచి, లోదీపం వెలిగిస్తుంది. కంటికి రెప్పలా కాపాడుతుందని ప్రకటనల్లో ఊదరగొట్టారు.

ఆ అద్దాలే కిందటి నెల మలుపులమ్మ గుడి దగ్గర, బండి పరుగులో ఉండగా ముడుచుకున్నాయని గౌరునాయుడు అంటున్నాడు. లోదీపం భగ్గున వెలిగిందట. మసక వేళ, బయటంతా మంచు. ముందు అద్దంలో అతని మొహమే అతనికి కనిపించిందట. పక్కనే వస్తున్న మోటారుసైకిల్ కనపడలేదు. దాని మీదున్న పాల ఆసామికి భుజం ఎముక విరిగింది.

హైమవతి నమ్మలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం అనుకుంది. అయినా అద్దాల మోటారు విప్పించి చూసింది, తీగలు పరీక్షించింది, అద్దాల జ్ఞాపకమంతా తుడిపించి మొదటి నుంచి నేర్పించింది. ఎండ కాసే వేళ తనే ఘాటంతా నడిపి చూసింది. అద్దాలు బుద్ధిగానే ఉన్నాయి. ఇక మిగిలింది నాయుడు చేత నడిపించడమే.

"మీరు రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి" అంది.

"అలగే నడుపుతన్నానమ్మా. మీరలాగ గుడ్లప్పగించి సూస్తంటే నాకు సెమట్లొస్తన్నాయి."

మలుపులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. గుడి ఉన్న మలుపు అన్నిటికంటే ఇరుకు. ఎడమ పక్క లోయ, కుడి పక్క బండకు పసుపు రాసిన చిన్న గూడు, అంతే మలుపులమ్మ. బండి అక్కడికి వచ్చిందో లేదో, రెండు అద్దాలూ టపటపా ముడుచుకున్నాయి. లోదీపం వెలిగింది.

"చూడటం ముగిసింది. దిగేటప్పుడు జాగ్రత్త" అంది బండి.

"అదిగో! సూసారా?" నాయుడు కేక పెట్టాడు. మలుపు దాటించి, వెడల్పున్న చోట బండి ఆపాడు. "నా మాట అబద్ధమంతారా ఇంకా?"

హైమవతి సెన్సర్ చూసిన దృశ్యాన్ని తెర మీద వెనక్కి తిప్పింది. గుడి రాగానే నాయుడు కుడిచెయ్యి స్టీరింగు వదిలి గుండెల మీదికి వెళ్లింది. తల వంగింది. కళ్లు మూతపడ్డాయి. రెప్పపాటు కంటే కాస్త ఎక్కువసేపు, అంతే.

"మీరు దండం పెట్టారు."

"పెట్టకుండా ఈ మలుపు ఎవుడు దాటుతాడమ్మా?"

"కళ్లు మూసుకుని పెట్టారు."

"నేనా? నేను మూయనే!"

ఆమె మళ్లీ చూపించింది. తెర మీద మూతపడ్డ తన కళ్లను అతను తనే చూసుకున్నాడు.

తల వాలి, కళ్లు మూసి, చెయ్యి తీస్తే చూడటం అయిపోయినట్టని అద్దానికి నేర్పింది హైమవతే. పరీక్షల్లో నడిపినవాళ్లంతా పల్లంలో, ఆఫీసు కుర్చీల్లో కూర్చున్న ఇంజనీర్లు. అక్కడ గుడీ లేదు, దండమూ లేదు. తను ఒక్కతీ వచ్చినప్పుడు అద్దాలు ఎందుకు ముడుచుకోలేదో కూడా ఇప్పుడు తెలిసింది. ఆమెకు దేవుడి గొడవ లేదు.

"అద్దంలో లోపం లేదు నాయుడుగారూ. బండి నడుపుతూ కళ్లు మూసుకుంది మీరు. సోమవారం అదే చెప్తాను."

నాయుడు మొహం మాడిపోయింది. "అలా సెప్పకండమ్మా. నా పట్టా పోతాది. బండి కదుల్తందో ఆగిందో ఆ అద్దం ఒకసారి అడిగి సావొచ్చు కదా?"

"పల్లంలో అడుగుతుంది, బండి చెప్తుంది. ఘాటులో బండి మెదడు పక్కకు తప్పుకుంటుంది. అద్దానికి ఆధారం డ్రైవరు కన్ను ఒక్కటే."

"మరలాగైతే ఆ లోటు మీది కాదా?"

హైమవతికి చురుక్కుమంది. చురుక్కుమన్నందుకు కోపం వచ్చింది. కళ్లు తెరుచుకుని ఉంటే ఆ లోటు బయటపడేదే కాదని తనకు తాను చెప్పుకుంది. అయినా మనసు కుదుటపడలేదు. "లేవండి, కిందికి నేను నడుపుతాను. మొక్కకుండా కూడా ఈ మలుపు దాటవచ్చని చూద్దురుగాని."

పరీక్షల కోసం ఆమెకూ ఒక పట్టా ఇచ్చారు. బండి తిప్పింది. ఈలోగా కొండ నీడ పడింది, మంచు రోడ్డు మీదికి పాకింది. బండి హారను కొడుతూ ఆమె మలుపులోకి దిగింది. గుడి వైపు కన్నెత్తి చూడలేదు. చేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి.

మంచులోంచి బస్సు ఊడిపడింది. తన దారి వదిలేసి, నేరుగా వీళ్ల మీదికి వస్తోంది.

తర్వాత ఏం జరిగిందో హైమవతికి సరిగా గుర్తులేదు. బ్రేకు తొక్కింది. చక్రాలు లోయ వైపు జారాయి. ఇనుమూ ఇనుమూ రాసుకున్న చప్పుడు. బండి పిట్టగోడకు ఆనుకుని ఆగింది. లోపలంతా వెలుగు. ముందు అద్దంలో పాలిపోయిన ఒక ఆడమనిషి మొహం. అది తనదేనని పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది. పక్క అద్దాలు రెండూ ముడుచుకుని ఉన్నాయి.

"చూడటం ముగిసింది. దిగేటప్పుడు జాగ్రత్త" అంది బండి.

ఆమె తల తిప్పి చూసింది. బస్సు ఒరుసుకుంటూ పోయి, గుడి అవతల ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ బస్సుకూ చూపుతోడే. దాని అద్దాలూ ముడుచుకుని ఉన్నాయి, దాని లోపలా దీపం వెలుగుతోంది. ఆ వెలుగులో బస్సు డ్రైవరు ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

హైమవతి కుడిచెయ్యి గుండెల మీదుంది. అది అక్కడికి ఎప్పుడు వెళ్లిందో ఆమెకు తెలియదు.

నాయుడు ఆ చేతిని చూశాడు. "ఏ అమ్మోరికి మొక్కారమ్మా?"

"ఎవరికీ కాదు. భయమేసింది."

"నాకూ అంతేనమ్మా." అతను లోయ వైపు చూశాడు. "ఈ మలుపంటే నాకు సిన్నప్పట్నుంచీ బయ్యం. మా నాన్న బస్సు ఇక్కడే లోయలో పడిపోనాది. బయ్యమంటే పట్టా ఉంచుతారేటి? అందుకే దండమన్నాను. దండమంటే మరియాదగుంతాది."

హైమవతికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. తప్పకుండా చూడాల్సిన క్షణంలోనే మనిషి భయంతో కళ్లు మూసుకుంటాడు. అతనికి తోడుగా ఉండమని తను చేసిన అద్దం, అతన్ని చూసి అదే నేర్చుకుంది.

"సోమవారం లోపం నాదని చెప్తాను. మీ పట్టా ఎక్కడికీ పోదు" అంది.

నాయుడు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆమె స్టీరింగు వైపు తిరిగింది. అక్కడే, అప్పుడే బండితో అంది: "విను. ఇక మీదట ఘాటులోనూ కదులుతున్నావో లేదో అద్దానికి చెప్పు. డ్రైవరు కళ్లు మూసుకున్నా సరే, బండి కదులుతుంటే అద్దాలు ముడవకూడదు. లోదీపం వెలిగించకూడదు. తెలిసిందా?"

"తెలిసింది" అంది బండి. ఎప్పటిలాగే నిదానంగా అడిగింది.

"మరి అప్పుడు అద్దంలోకి చూసేదెవరు?"