రెండు మెట్లకు రెండు పార్టీలు

పొద్దున టీ చల్లారకముందే తండ్రీకొడుకులు మళ్లీ మొదలుపెట్టారు. రిటైరైన లెక్కల మాస్టారిది స్వశక్తి పార్టీ. ఒకరి ముందు చెయ్యి చాచడం ఆయనకు చావుతో సమానం. బస్సు కండక్టరైన కొడుకుది హక్కుల పార్టీ. ప్రభుత్వం చెయ్యాల్సింది మనమే చేసుకుంటే అది హాయిగా చేతులు దులుపుకుంటుందని అతని వాదం. ఇంతకీ తగాదా గుమ్మం ముందున్న రెండు మెట్ల గురించి.

ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి అమ్మ చక్రాల కుర్చీలోకి వచ్చి నాలుగు నెలలైంది. వీధి చివర ఆమె వాచీల రిపేరు కొట్టు మూతబడే ఉంది. ఒకటో తారీఖుకు తెరవకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని కొట్టు యజమాని కబురు పెట్టాడు. ఇక ఐదు రోజులే గడువు. ఎత్తి దింపుతామని మగవాళ్లిద్దరూ ఒకసారి ముందుకొచ్చారు గానీ, వాదించుకుంటూ మెట్టు మధ్యలో కుర్చీని వదిలేసినంత పని చేశారు. మళ్లీ ఎత్తించుకుంటే ఒట్టు అనుకుంది ఆమె.

అందుకే ఈ రోజు తనే ఫోన్ చేసి తాపీమేస్త్రీని పిలిచింది. అతను గుమ్మంలోనే నిలబడి తల గోక్కున్నాడు. మాస్టారు రమ్మంటే ర్యాంపు కట్టడానికి రెండుసార్లు వచ్చాననీ, రెండుసార్లూ చిన్నయ్యగారే వెనక్కి పంపేశారనీ చెప్పాడు.

కండక్టరు ఊరుకుంటాడా? ర్యాంపు కోసం తను మున్సిపాలిటీలో పెట్టిన అర్జీని గుట్టుగా వెనక్కి తీసుకున్నదెవరని తండ్రిని నిలదీశాడు. మాస్టారు కళ్లజోడు తుడుచుకోవడంలో మునిగిపోయారు. దొంగలిద్దరూ ఒకేసారి దొరికారు.

"నా కోసం కొట్టుకుంటున్నారని ఇన్నాళ్లూ మురిసిపోయాను," అంది అమ్మ. "మీ పంతాలు నెగ్గడానికి నన్ను ఇంట్లో కూర్చోబెట్టారన్నమాట."

"నీ మీద ప్రేమ లేక కాదే," అన్నారు మాస్టారు.

"ప్రేమ ఉందండీ. నన్నడగడమే లేదు."



మేస్త్రీకి ఏ పార్టీ లేదు. మెట్ల మీద ఒక చెక్క వాలుగా పరిచి, ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ వాలు మీ చేతులతో ఎక్కగలరా? ఇంకా పొడుగ్గా, ఏటవాలు తగ్గించి కట్టమంటారా?"

మాస్టారూ కండక్టరూ ఒకేసారి నోరు తెరిచారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒకేసారి మూసుకున్నారు. నాలుగు నెలల్లో ఆమెను ఆ మాట అడిగినవాడు బయటివాడు. ఇద్దరి కళ్లూ చెమర్చాయి.

"పొడుగ్గానే కట్టు," అంది ఆమె. "వాచీలు విప్పిన చేతులు. బరువులు ఇంకా కొత్త."

కొడుకు జల్లెడ అందుకున్నాడు, తండ్రి నీళ్లు మోశారు. సిమెంటు పాళ్ల దగ్గర మళ్లీ గొడవ రేగింది. ఈసారి మాత్రం తగువు తీర్చమని ఇద్దరూ ఆమె దగ్గరికే వచ్చారు.