అయిదు గీతలు, ఒకే ధర

"నా ట్రేడ్ ఎవరు కోసేశారు?"

గీతలబాబు అరుపుకి షేర్లు కొని అమ్మే డీలింగ్ రూమంతా తలలెత్తింది. స్క్రీన్ మీద అసలు ధర కనపడనన్ని గీతలు గీసుకుంటాడు గనుక ఆఫీసులో అతనికి ఆ పేరు స్థిరపడిపోయింది.

"నేనే," అంది రిస్క్ డెస్క్ అమ్మాయి, కంప్యూటర్లోంచి చూపు తిప్పకుండానే. ఎవరైనా తాహతుకు మించి కొంటే, వాళ్లను అడక్కుండా అమ్మేసే అధికారం ఆమెది. ఆమె వినకుండా అందరూ కత్తెరమ్మ అంటారు.

"నా గీతలు, అయిదు ఇండికేటర్లూ కొనమంటున్నాయండీ! అయిదూ!"

"ఆ అయిదూ దేన్నిబట్టి లెక్కకడతాయి?"

"ధరనిబట్టి."

"ఎప్పటి ధర?"

"అయిపోయిన ధర..." అని నీళ్లు నమిలాడు.

"ఒక్కరన్న మాటని అయిదుగురు మోసుకొస్తే అయిదుగురు సాక్షులైపోతారా?"

మధ్యాహ్నం అతను షేర్లు కొన్న కంపెనీ ఫ్యాక్టరీ మూతపడిందని వార్త వచ్చింది. ధర కుప్పకూలింది. గీతలు మాత్రం ఇంకాసేపు కొనమంటూనే ఉన్నాయి, పాపం. వాటికి కబురందేది అంతా అయిపోయాకే.

సాయంత్రం అతను కాఫీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. తప్పు ఒప్పుకోవడానికి అంతకంటే చవకైన దారి తోచలేదు. పెట్టుబడి చిన్నదే అయినా రాబడి బాగుంది. మర్నాటినుంచి ఇద్దరూ కలిసే తాగారు. వాన పడితే ఒకే గొడుగు. గొడుగు ఆమెది, తడిసే భుజం అతనిది.

"మీకు గొడుగు లేదా?"

"ఉందండీ. ఇండికేటర్లు వాన రాదన్నాయి."

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసినప్పుడే పెళ్లి మాట అడిగేయవలసింది. ఇంకొక్క సంకేతం రానీ అని ఆగాడు. మంచి ధర చేజారేది ఇలాంటి ఆలోచనల వల్లే.

ఇంతలో ఆమె ఉన్నట్టుండి ఒకరోజు సెలవు పెట్టింది. పెళ్లిచూపులకేమోనని అతనికి అనుమానం వచ్చింది. ఇంటికెళ్లి వదినతో, "ఆవిడకి ఏదైనా సంబంధం కుదురుతోందేమో, మీ ఫ్రెండుని అడిగి కనుక్కోండి వదినా," అన్నాడు. ఆ ఫ్రెండు వీళ్ల ఆఫీసు రిసెప్షనిస్టే.

వారం తిరక్కుండా రిసెప్షనిస్టు అతని చెవిలో ఊదింది: "కత్తెరమ్మకి సంబంధం కుదిరిందట!" తర్వాత మేనేజరు నిట్టూర్చాడు: "పెళ్లయితే ఉద్యోగం మానేస్తుందేమో." ఆఖరికి వదిన: "నిజమేనయ్యా, మీ ఆఫీసంతా అదే మాటట."

మూడు సంకేతాలూ ఒకే వైపు! ఇక అనుమానమేముంది? తన సీటు పై అంతస్తులోకి మార్చమని మేనేజర్ని అడిగేశాడు. మర్నాడు మానిటరు చంకలో పెట్టుకుని వైర్లు పీకుతుంటే ఆమె ఎదురొచ్చింది.

"ఎక్కడికి?"

"పైకి. మీ పెళ్లికి శుభాకాంక్షలండీ."

"నా పెళ్లా? నాకొక్క మాటైనా చెప్పలేదేం ఎవరూ?"

"ముగ్గురు చెప్పారు. పైగా ఆ రోజు సెలవు పెట్టారు..."

"పన్ను పీకించుకోడానికి! ఎవరా ముగ్గురు?"

మేనేజర్ని నిలదీస్తే రిసెప్షనిస్టు పేరు చెప్పాడు. రిసెప్షనిస్టు వదిన పేరు చెప్పింది. కత్తెరమ్మ అతని ఫోను లాక్కుని స్పీకరు పెట్టి వదినకి కలిపింది.

"మీకెవరు చెప్పారండీ?"

"మా మరిదే కదమ్మా మొదట అడిగింది! వీడే ఎత్తాడు ఆ మాట."

తను వదిలిన మాటే ఊరంతా తిరిగి మూడు గొంతులతో తన దగ్గరికే వచ్చింది.

"వార్త పుట్టేచోట అడగొచ్చుగా?" అంది ఆమె, మెల్లగా.

"కాదంటారేమోనని."

"నష్టం భరించగలిగినంతే పెట్టాలని తెలీదా?"

"తెలుసు. ఉన్నదంతా పెట్టేశాను."

కత్తెరమ్మ అతని చంకలోంచి మానిటరు తీసుకుని, పాత చోటే బల్ల మీద పెట్టి, వైరు తగిలించింది.

ఫోన్లో వదిన ఇంకా లైన్లోనే ఉంది. "ఏమయ్యా, ఇంతకీ సంబంధం ఉన్నట్టా, లేనట్టా?"

"ఇప్పుడే కుదిరిందండీ," అంది ఆమె. "ఈసారి చెప్పేది నేనే."