శ్రవణశిల విన్న ఈల

ఉదయం తొమ్మిదింటికి గుండ్లకొండ మీది శ్రవణశిల యథాప్రకారం పలికింది: "కౌజులు పన్నెండు. నెమళ్ళు మూడు. మగమనిషి ఒకడు. కొండ పికిలి లేదు."

అటవీ అధికారిణి సుమేధ నిట్టూర్చింది. ఇప్పుడు ప్రతి కొండకూ ఇలాంటి రాతిచెవి ఉంది. గొంతును బట్టి ప్రాణిని గుర్తిస్తుంది. అది వినని ప్రాణి లేనట్టే, కంటిసాక్ష్యం చెల్లదు. రేపటి లెక్కలోనూ ఆ అరుదైన పికిలిపిట్ట లేదంటే, కొండ కంకర మిషన్ల పాలవుతుంది.

"ఉండాది మేడం," అంది మేకలు కాసే గంగులమ్మ. "పసుపు గొంతుది. దినామూ చూస్తా ఉండా. నీ రాయికే చెవుడు!"

ఇద్దరూ బండల నీడలో కూర్చున్నారు. చాలాసేపటికి, రాతి చీలికలోని జువ్వికొమ్మ మీద ఒక బూడిదరంగు పిట్ట వాలింది. గొంతు కింద పచ్చటి పసుపు. పిట్ట పొడుగ్గా ఈల వేసింది. మేకలన్నీ తలలెత్తి వెనక్కి మళ్ళాయి.

"మగమనిషి ఒకడు," అంది శిల.

సుమేధ ఉలిక్కిపడింది. "ఇది ఎవరి ఈల?"

"మా ఆయనది. మేకల్ని మళ్ళేసేది. ఇనీ ఇనీ పిట్టలూ నేర్చుకున్యాయి. ఆయన పోయి నాలుగేండ్లాయె."

సుమేధ పాత నమోదులు తెరిచింది. నాలుగేళ్ళుగా ప్రతి ఉదయం అదే మనిషి.

"ఆయన లేడని అయినవాళ్ళు శిలకు చెప్పాలమ్మా, పేరు పెట్టి. అప్పుడే ఆ ఈల పిట్టదవుతుంది."

"మొగుని పేరు నోటితో ఎట్ల చెప్పేది? బతికున్నప్పుడే అన్లేదు. కాగితం తే, రాసిస్తా. మొన్ననే నేర్చుకున్యా."

"శిలకు చదవడం రాదు."

"నాకన్నా ఎనకబడిందే!" నవ్వి, అంతలోనే ఆగింది గంగులమ్మ. "అయితే ఇన్నేండ్లూ ఆయన ఈడనే ఉండాడని చెప్తా వచ్చిందా?"

"రోజూ చెప్పింది."

ఎదురుగా సగం కరిగిన పక్క కొండ మీద తెల్లటి దుమ్ము లేస్తోంది. గంగులమ్మ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత కొంగు తలమీదికి లాక్కుని, శిల దగ్గర వంగింది.

"ఓబులేసు. మా ఆయన. లేడు."

మర్నాడు ఉదయం పిట్ట ఈల వేసింది. మేకలు మళ్ళాయి.

"కొండ పికిలి ఒకటి," అంది శిల. "మనుషులు ఎవరూ లేరు."

దాని పక్కనే కర్ర పట్టుకుని నిలబడ్డ గంగులమ్మ ఏమీ అనలేదు.