వరుస తప్పిన లైన్లు

వాటర్ స్కీము ఇంజనీరు విజయభాస్కర్‌ను చంపడానికి విదేశీ ముఠాకు ఒక లారీ, ఒక మలుపు సరిపోయాయి. నల్లమాడ రోడ్డు మీద సోమవారం జరిగింది యాక్సిడెంట్ కాదని ఇంటెలిజెన్స్ చీఫ్‌కు తెలిసేసరికి బుధవారం అయింది. గురువారం ఉదయం పదిన్నరకు ఏజెంట్ మద్దిలేటి మోటారు మెకానిక్ వేషంలో శింగనమల దగ్గరి వాటర్ స్కీము కంట్రోల్ రూము తలుపు తట్టాడు.

"మోటారు యాడ కాలింది?" లోపల్నుంచి ఆడగొంతు.

"కాలలేదక్కా, తడిసింది."

ఆపరేటర్ సువార్త గడియ తీసింది. ఈ కరువు నేలలో మోటారు తడిసిందనే మాట ఇంకెవరి నోటా రాదు. అందుకే అది కోడ్ వర్డ్.

లోపల లహరి అప్పటికే ఉంది. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ఆ ముఠాలో డిపార్ట్‌మెంట్ రహస్యంగా పెట్టిన మనిషి.

"సరిగ్గా పదకొండుకు క్లోరిన్ ట్యాంకు వాల్వ్ పూర్తిగా తెరుచుకుంటుంది, నీళ్లు విషమవుతాయి" అంది లహరి. "చేత్తో మూసే చక్రం కోసేశారు. కరెంటు తీసినా తెరుచుకుంటుంది. వాల్వ్‌ను నడిపే కంట్రోలర్ ప్రోగ్రాములో ఒక్క అంకె మార్చాలి. తప్పు చోట మారిస్తే ఆ క్షణమే తెరుచుకుంటుంది."

"నీళ్లు ఆపలేమా?"

"గుట్ట మీంచి పొద్దున్నుంచీ వాటంతటవే దిగుతాండాయి" అంది సువార్త. "ఎనబై ఊర్లు. అయిదు దినాలకొకసారి వచ్చే నీళ్లు సామీ, వచ్చినవి వచ్చినట్లే తాగుతారు."

మద్దిలేటికి భయమేసింది. అతనూ అలాంటి ఊళ్లోనే పుట్టాడు. మొదటి చెంబు వాసన చూసి తాగేంత ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు.

మల్టీమీటర్‌లా కనిపించే తన రీడర్‌ను కంట్రోలర్‌కు తగిలించాడు. తెర నిండా అంకెలే, పేర్లు లేవు. మనిషి రాసిన లైన్లను అంకెలుగా మార్చే కంపైలర్, ప్రోగ్రాము వేగంగా నడవాలని దాన్ని ఆప్టిమైజ్ చేస్తుంది. లైన్లను కలిపేస్తుంది, ముందుకూ వెనక్కూ జరుపుతుంది. ఏ లైను ఎక్కడికి పోయిందో చెప్పేది డీబగ్ ఫైలు ఒక్కటే.

లహరి పెన్ డ్రైవ్ ఇచ్చింది. "ముఠా సర్వర్‌లోంచి తీశాను."

సువార్త కొంగు ముడి విప్పి మెమరీ కార్డు ఒకటి చేతిలో పెట్టింది. "ఇంజనీరు సారు సచ్చే ముందుదినం ఇచ్చినాడు. కంట్రోలర్‌లో ఏందో దొరికిందంట."

మద్దిలేటి రెండింట్లోని డీబగ్ ఫైళ్లూ తెరిచాడు. మార్చాల్సిన అంకెకు రెండూ చెరో చోటు చూపించాయి. టైము పది యాభై నాలుగు.

లహరి ఫైలులో 211, 212, 213, లైన్లన్నీ క్యూలో నిలబడ్డాయి. ప్రతి పేరుకూ విలువ ఉంది. కార్డులో 211 తర్వాత 214, మళ్లీ 212, మళ్లీ 211. సగం పేర్ల పక్కన 'ఆప్టిమైజ్డ్ అవుట్', అంటే కంపైలర్ తీసేసిందని.

"అది పాడైపోయిన ఫైలు" అంది లహరి. "చూడు, వరుసే లేదు. త్వరగా కానివ్వు."

అతని వేలు కీ మీదే ఆగిపోయింది. ఆప్టిమైజ్ చేసిన కోడ్‌కు నిజమైన మ్యాపు ఎప్పుడూ చిందరవందరగానే ఉంటుంది. పోయిన పేరును పోయిందనే చెబుతుంది. ఇంత శుభ్రమైన ఫైలును ఎవరో కూర్చుని, చూసేవాళ్లకు నచ్చేలా తయారు చేశారు.

"నా చేత్తోనే వాల్వ్ తెరిపించాలని ముఠాతో బాగా రాయించినావు లహరీ" అన్నాడు. "ఒక్క లైనూ కదల్లేదు."

ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది. "ఇంజనీరు కూడా ఇలాగే మాట్లాడాడు."

సువార్త చేతిలోని పానా లహరి మణికట్టు మీద పడింది. గుండు గోడలో దిగింది. సువార్త పిస్టల్‌ను కాలితో దూరంగా తోసింది.

మద్దిలేటి కార్డు చూపిన చోటికి పోయాడు. చెమటకు వేళ్లు జారుతున్నాయి. ఒకసారి తప్పు నొక్కి చెరిపాడు. మళ్లీ కొట్టాడు. పదకొండుకు మూడు సెకన్లు ఉన్నాయనగా ఎంటర్ నొక్కాడు.

పదకొండు అయింది. వాల్వ్ కదల్లేదు.

సువార్త లహరి చేతులు కట్టేసి, కుళాయి కింద చెంబు పట్టి, వాసన చూసి తాగింది. "ఏం కాలేదప్పా" అంది. మద్దిలేటి చెంబు అందుకుని మిగిలినవి తాగాడు.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. సాయంత్రానికి రిపోర్టు పంపు. నీట్‌గా ఉండాలి, వరుసగా."

"అట్లాంటిది వస్తే నమ్మొద్దు సార్" అన్నాడు మద్దిలేటి.